ఏమైనా ఉంటే నేనే పిలుస్తాను

మళ్ళీ మోగింది, ఈసారి కిటికీ పక్క కుర్చీ దగ్గర, మూడు ముక్కలుగా, కాస్త ఆగి మళ్ళీ మూడు ముక్కలుగా, ఆయన కళ్ళు తెరవకుండానే పోల్చుకున్నాడు, ఇది కంగారు పడవలసిన మోత కాదు, ఎవరో చెయ్యి మడిచి ఉంటారు, గొట్టం నొక్కుకుని ఉంటుంది, గంటలాయన వస్తాడు, తెర మీద ఒకచోట వేలు పెడతాడు, దాని నోరు మూయిస్తాడు, వెళ్ళిపోతాడు. అన్నట్టే ఉత్తికాళ్ళ చప్పుడు నున్నటి నేల మీద తపతపా వచ్చి ఆగింది, మోత ఆగింది, చప్పుడు తపతపా వెళ్ళిపోయింది. మధ్యాహ్నపు ఎండ కిటికీ అద్దానికి అంటించిన తెల్ల కాగితంలోంచి పాలిపోయి లోపలికి వస్తోంది. గది నిండా వాలు కుర్చీలు, కుర్చీకో మనిషి, మనిషికో డయాలిసిస్ యంత్రం. ఆ మనుషుల మూత్రపిండాలు ఎప్పుడో చేతులెత్తేస్తే వాటి పని ఈ యంత్రాలు చేస్తున్నాయి, రక్తాన్ని ఒక సూదిలోంచి బయటికి తీసుకెళ్ళి, కడిగి, ఇంకో సూదిలోంచి మళ్ళీ ఇంటికి పంపిస్తున్నాయి. ఇన్నింటికీ కలిపి ఇవాళ తిరిగేవాడు ఒక్కడే. రెండో టెక్నీషియన్ సెలవు పెట్టాడు. ఆ సంగతి వస్తూనే తెలిసింది, ఆయనకు నచ్చలేదు, నచ్చలేదని ఎవరితోనూ అనలేదు, అనే మనిషి కాదు.

గంటలాయన అనే పేరు పక్క కుర్చీ టీచరమ్మ పెట్టింది. హైస్కూల్ నడిపి రిటైరైన మనిషి, గొంతులో ఇంకా బెత్తం ఉంది. "ఎక్కడ గంట మోగితే అక్కడ ప్రత్యక్షమవుతాడు, మోగకపోతే చచ్చినా రాడు" అంది మొదటిరోజే, అతను వింటుండగానే, అతనూ నవ్వాడు. ఈయనకు మాత్రం ఆ టెక్నీషియన్‌ని చూస్తే సొంత మనిషిని చూసినట్టు ఉంటుంది. ఉద్యోగమంతా లిఫ్టుల లోపల ఉండే చిన్న కంప్యూటర్లకు బుద్ధులు చెబుతూ గడిపినవాడు కదా, గంటలాయన ఆయన కంటికి అచ్చం ప్రాసెసర్. ఒకసారికి ఒక్క పనే చెయ్యగలదు అది, పాపం. తలుపు మోటారును, అంతస్తుల బటన్లను, బరువు చూసే పలకను వరసగా నీకేమైనా కావాలా, నీకేమైనా కావాలా అని అడుగుతూ తిరిగితే అసలు పని సాగదు. అందుకని ఒక్కొక్కరికీ ఒక తీగ ఇస్తారు, కావలసినప్పుడు లాగమని. లాగగానే అది చేతిలో పని ఎక్కడిదక్కడ ఆపి, ఎక్కడ ఆపిందో ఓ మూల గుర్తు పెట్టుకుని, పరుగెత్తుకెళ్ళి వాళ్ళ సంగతి చూసి, తిరిగొచ్చి సరిగ్గా అదే మాట దగ్గర అందుకుంటుంది. ఇంటరప్ట్ అంటే అంతే. తిరిగి రావడమే అందులో గొప్ప. వెళ్ళడం ఎవరైనా వెళ్తారు. అవునూ, తను ఎక్కడ ఆపాడు? ఆ మోత మోగినప్పుడు ఏం ఆలోచిస్తున్నాడు? వంటిల్లు. అవును, వంటిల్లు, కుక్కర్.

పెళ్ళయిన కొత్త. రోజంతా ఆఫీసులో ఏం చేస్తారండీ అని ఆమె మాటవరసకు అడిగింది, ఈయన వంటింటి గడప మీద చతికిలబడి పాఠం మొదలుపెట్టాడు. "నువ్వు పాలు కాచేటప్పుడు గిన్నె దగ్గరే నిలబడి మాటిమాటికీ చూస్తావు కదా, అది పాత పద్ధతి. అదే కుక్కర్ పెట్టావనుకో, వెళ్ళి పేపర్ చదువుకుంటావు. విజిల్ వేస్తే లేచి వస్తావు. అది మా పద్ధతి."

"మరి విజిల్ మూసుకుపోతే?"

"మూసుకుపోదు."

"మా అమ్మావాళ్ళింట్లో మూసుకుపోయిందండీ. మూత ఎగిరి పైకప్పుకు తగిలింది."

"దానికి వేరే సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. ఎవరూ మూయలేనిది ఒకటి పెడతారు. మాకూ అలాంటి తీగ ఒకటి ఉంటుంది. ప్రాసెసర్ చెవులు మూసుకున్నా ఆ ఒక్కటి మాత్రం వినపడి తీరుతుంది."

"ఏమో బాబూ, నేను పాలే కాచుకుంటాను" అంది ఆమె, అని నవ్వింది, ఆ నవ్వుకు ఈయన పాఠం అక్కడితో ఆగిపోయింది.

అన్నమాట నిలబెట్టుకున్న మనిషి, జీవితమంతా పాలు కాచుతూనే ఉంది. అమ్మాయికి జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద చెయ్యే, ఈయన ఆఫీసుకు వెళ్తే చేరారా అని ఫోనే, జబ్బు పడ్డాక మరీ. ఈ గదికి రావడం మొదలుపెట్టినప్పటి నుంచి తలుపుకున్న గుండ్రటి అద్దంలో ఆమె ముఖం, చంద్రుడిలా కాదు, గడియారంలా, చూసినప్పుడల్లా అక్కడే. లోపలికి రానివ్వరు, చెప్పులు విప్పి, గౌను తొడుక్కుంటే తప్ప. చెప్పులతో ఒక్క అడుగు లోపల పెడితే గంటలాయన ఒంటికాలి మీద లేస్తాడు. అందుకని ఆమె బయట బల్ల మీద కూర్చోవడం, లేవడం, తొంగి చూడడం, కూర్చోవడం. పోయినసారి ఇంటికి వెళ్తుంటే ఈయన విసుక్కున్నాడు. "అలా నిమిషానికోసారి తొంగి చూడకు. అందరూ చూస్తున్నారు. నేనేదో పోయేవాడిలా ఉంది. ఏమైనా ఉంటే నేనే పిలుస్తాను." ఇంటికి చేరాక ఆమె, కాళ్ళు కడుక్కుంటూ, "సరే, ఇక చూడను" అంది. ఇవాళ అద్దం ఖాళీగా ఉంది. ఎంత హాయిగా ఉంటుందో అనుకున్నాడు, లేదు, పన్ను ఊడిన చోటికి నాలుక వెళ్ళినట్టు చూపు మాటిమాటికీ అక్కడికే వెళ్తోంది.

నేనే పిలుస్తాను అన్నాడు కానీ ఆయన ఎవరినైనా పిలిచింది ఎప్పుడు? నోట్లో నాలుక లేని మనిషి అని చుట్టాల్లో పేరు. నాన్న మధ్యాహ్నం పడుకునేవాడు, ఆ రెండు గంటలూ ఇల్లంతా మునివేళ్ళ మీద నడిచేది, గిన్నె చప్పుడైతే అమ్మ ముఖం తెల్లబోయేది. ఓరోజు గోడ ఎక్కి పడ్డాడు, ఎడమ చెయ్యి మోచేతి దగ్గర అటుది ఇటైంది, పిల్లవాడు ఏడవకుండా వచ్చి నాన్న గది బయట కూర్చున్నాడు, సాయంత్రం నాన్న లేచి తలుపు తీసేదాకా. చెయ్యి గుమ్మడికాయలా ఉబ్బింది. వచ్చినవాళ్ళంతా ఎంత బుద్ధిమంతుడో అన్నారు. ఆ మెప్పు ఎముకలో అతుక్కుపోయింది, ఎముకతో పాటే. ఇప్పటికీ ఈయన గిన్నె కడిగితే గిన్నెకే తెలియదు అని భార్య అమ్మాయితో నవ్వుతుంది, ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చేతిలోంచి ఒక్క చెంచా జారి చప్పుడైంది లేదు. పిలుపుల్లో రెండు రకాలు ఉంటాయి. ఒకటి తీగ పట్టుకుని ఎవరో ఒకరు వచ్చేదాకా వదలదు, అమ్మాయి పసిదిగా ఉన్నప్పుడు అలా ఏడ్చేది, ఎత్తుకుంటే గానీ ఆపేది కాదు. ఇంకొకటి ఒక్కసారి లాగి వదిలేస్తుంది, ఆ క్షణంలో అవతలివాడు చెవులు మూసుకుని ఉంటే అంతే, ఆ పిలుపు రానట్టే, దాని గుర్తు కూడా ఎక్కడా ఉండదు. ఈయన ఆ రెండో రకం. అదే ఎడమ చెయ్యి ఇప్పుడు దుప్పటి కింద చాచి ఉంది, రెండు సూదులతో.

టీచరమ్మ యంత్రం మోగింది. ఇది వేరే మోత, ఆపకుండా మోగేది. టీచరమ్మ నిద్రలో ఉంది, చలికి దుప్పటి భుజాల దాకా కప్పుకుంది, చెయ్యి కనపడదు. గంటలాయన ఎక్కడో ఒకరికి ప్లాస్టర్ వేస్తూ, వస్తున్నా వస్తున్నా అంటూ వచ్చి, వేలు పెట్టాడు, మోత ఆగింది, వెళ్ళిపోయాడు. ఈయన ఆవిడ తెర వంకే చూస్తున్నాడు. తెర మీద రక్తం తిరిగి వెళ్ళే ఒత్తిడికి ఒక అంకె ఉంటుంది, దానికి పైన ఒక గీత, కింద ఒక గీత. అంకె గీత దాటితే గంట. కానీ ఆ గంట ఆపగానే గీతలు రెండూ కదిలి వెళ్ళి కొత్త అంకెకు అటూ ఇటూ కూర్చుంటాయి. అప్పుడు ఎంతుంటే అదే మామూలు అనుకుంటుంది యంత్రం. ఇది ఆయన వచ్చిన మొదటి వారంలోనే పసిగట్టాడు, వృత్తి అలవాటు. రాసినవాడిది తప్పు అనలేం, రోగి కదిలినప్పుడల్లా గంట కొడితే ఈ గదిలో ఎవరూ బతకలేరు, తనైనా అలాగే రాసేవాడు. కాకపోతే గంట ఆపేవాడు ముందు దుప్పటి ఎత్తి చూడాలి, సూది జారిందేమోనని. జారితే ఒత్తిడి తగ్గుతుంది. చూడకుండా ఆపితే ఆ తగ్గిన ఒత్తిడే మామూలైపోతుంది, ఇక యంత్రం నోరెత్తదు, మనిషి రక్తాన్ని తీసుకెళ్ళి శుభ్రంగా కడిగి నేల మీద పోస్తుంది. పిలవాలి. పిలవకపోతే ఎలా, ముసలావిడ.

ఆయన లేచినంత పనిచేశాడు. మోచేతి మీద ఆనుకుని, మెడ సాచి, "టెక్నీషియన్ గారూ, ఒక్కసారి ఆవిడ చెయ్యి చూడండి" అన్నాడు, అనుకున్నదానికంటే గట్టిగానే. ఎడమ చేతి దగ్గర గొట్టం కుర్చీ అంచుకు పట్టుకుని చురుక్కుమంది, పట్టించుకోలేదు. గంటలాయన వచ్చాడు, టీచరమ్మ దుప్పటి తీశాడు, సూదులు వేసిన చోటే భద్రంగా ఉన్నాయి, ప్లాస్టర్ చెక్కుచెదరలేదు. టీచరమ్మ లేచింది.

"ఏమిటయ్యా, నిద్ర కూడా పోనివ్వవా?"

"నేను కాదమ్మా. సారు చూడమన్నారు."

ఆవిడ ఆయన్ని ఆఖరి బెంచీ పిల్లవాణ్ణి చూసినట్టు చూసి, దుప్పటి లాక్కుని, అటు తిరిగి పడుకుంది. గంటలాయన ఈయన పాదాల దగ్గర నిలబడి మెత్తగానే అన్నాడు. "సార్, నేనున్నాను కదా. ప్రతి మోతకీ మీరు కంగారు పడితే నిజంగా అవసరమైనవాళ్ళ దగ్గరికి నేనెప్పుడు వెళ్ళాలి చెప్పండి? కళ్ళు మూసుకుని పడుకోండి."

"సారీ అండీ" అన్నాడు ఆయన. తల కొట్టేసినట్టయింది. దుప్పటి మెడ దాకా లాక్కున్నాడు. చూశావా, పిలిస్తే ఇదీ, అనుకున్నాడు, ఎవరితో అనుకున్నాడో, నాన్న తలుపుతో కాబోలు.

కాసేపటికి తన యంత్రమే మోగింది. సిగ్గుతో చచ్చిపోయాడు. ఇప్పుడే కదా ఆ మనిషి అంత చెప్పి వెళ్ళాడు. గంటలాయన వచ్చాడు, ముఖంలో విసుగు లేదు, అలసట ఉంది. "చెయ్యి కదిపారా సార్?"

"ఆ, కొంచెం."

అబద్ధం కాదు. ఇందాక లేచాడుగా, కదిపాడు. గంటలాయన వేలు పెట్టాడు. మోత ఆగింది. తెర మీద రెండు గీతలు నెమ్మదిగా కిందికి జరిగి కొత్త అంకెకు అటూ ఇటూ సర్దుకున్నాయి. ఆయన వాటిని చూశాడు. చూసి, ఒకసారి దుప్పటి ఎత్తి చూడండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, గంటలాయన అప్పటికే వెనక్కి తిరిగాడు, అవతల ఇంకెక్కడో మోగుతోంది, ఆ మాట అక్కడే కూర్చుండిపోయింది. ఒకే నిమిషంలో రెండుసార్లా? బావుండదు. తిరిగి ఇటు వచ్చినప్పుడు చెబుదాం, వస్తాడుగా. చెవులు మూసుకోవడం ప్రతి ప్రోగ్రామర్‌కూ గుర్తుంటుంది, తెరవడమే మరిచిపోతారు అని ఆఫీసులో కొత్తవాళ్ళకు చెప్పేవాడు. సున్నితమైన పని జరిగేటప్పుడు ప్రాసెసర్ కాసేపు ఎవరి పిలుపూ విననని మూసుకుంటుంది, అది తప్పు కాదు, పని అవగానే తెరవాలి, ఆ ఒక్క మాట రాయడం మరిచిపోతే ఇక ఆ లిఫ్టు ఎవరు ఏ బటన్ నొక్కినా అలా సాగిపోతూనే ఉంటుంది, దీపాలు వెలుగుతూనే ఉంటాయి, పైకి చూస్తే అంతా బాగున్నట్టే.

ఇవాళ చలి వెయ్యడం లేదు. ఎప్పుడూ ఈ పాటికి పళ్ళు టకటకలాడేవి, రక్తం బయట తిరిగి వచ్చేసరికి చల్లబడుతుంది కదా, ఇవాళ మాత్రం ఎడమ పక్కన వెచ్చగా ఉంది, మోచేతి నుంచి నడుము దాకా, ఎండలో పెట్టిన పరుపు మీద పడుకున్నట్టు. దుప్పటి మార్చారేమో. ఆవలింత వచ్చింది, ఇంకొకటి. వంటింట్లో పాలు పొంగుతున్నాయి, ఆమె లేదు, గిన్నె దగ్గర ఎవరూ లేరేంటి, నేనే పొమ్మన్నాను కదా, చూడకు అన్నాను కదా, పాలు పొంగి పొయ్యి మీద నుంచి గట్టు మీదికి, గట్టు మీద నుంచి నేల మీదికి, వెచ్చగా, అమ్మా చెయ్యి నొప్పిగా ఉంది, ష్, నాన్న పడుకున్నాడు, లేచాక చెబుదువుగాని, ఎంత బుద్ధిమంతుడో, లిఫ్టు కిందికి దిగుతోంది, ఏ అంతస్తులోనూ ఆగడం లేదు, ఎవరు నొక్కారు, ఎక్కడ ఆపాను, ఏదో ఆలోచిస్తున్నాను, దాని ముందు ఇంకేదో, దాని ముందు, గుర్తు పెట్టుకున్న మూల ఏది, వెళ్ళాను కానీ తిరిగి వచ్చే చోటు కనపడటం లేదు. టప్. కొళాయి ఎవరో సరిగ్గా కట్టలేదు. టప్. ఈ గదిలో కొళాయి ఎక్కడుంది?

ఈ గదిలో కొళాయి లేదు.

అప్పుడు అర్థమైంది, మెల్లగా, పాఠం అర్థమైనట్టు. కారుతున్నది తను. సూది జారింది. ఇందాక లేచినప్పుడే, టీచరమ్మ కోసం లేచినప్పుడే కదిలింది, తర్వాత పూర్తిగా వచ్చేసింది, గడ్డ కట్టకుండా మందు కలిపిన రక్తం, ఆగదు, దుప్పటి కింద కుర్చీ అవతలి వైపు నుంచి నేల మీదికి పోతోంది. యంత్రం మీద పచ్చదీపం వెలుగుతోంది. దాని లెక్కలో అంతా మామూలే. భయం వేసింది, చిన్నపిల్లవాడికి వేసినంత భయం, పోతాననే భయం, ఆమెకు చెప్పకుండా పోతాననే భయం. పిలిచాడు. పిలిచాననే అనుకున్నాడు, పెదవులు కదిలాయి, గాలి వచ్చింది, గొంతు రాలేదు. టీచరమ్మ వీపు. ఆ మూల గంటలాయన వీపు. తలుపు వైపు చూశాడు, అద్దంలో ముఖం ఉంది.

ఉంది. మాట తప్పింది, వచ్చింది, వెర్రిది, పాలు కాచేది, ఆయనకు ఏడుపు వచ్చినంత సంతోషం వేసింది. చెయ్యి ఎత్తాడు. కుడి చెయ్యి, ఖాళీ చెయ్యి, పైకెత్తి ఊపాడు, రా రా అన్నాడు, చూస్తే చెయ్యి కుర్చీ మీదే ఉంది, ఎత్తింది ఊహలోనే. అక్కడి నుంచి ఆమెకు ఏం కనపడుతుంది? మెడ దాకా దుప్పటి, వాలిన కళ్ళు, ఎన్నాళ్ళకో కాస్త నెమ్మదించిన ముఖం. ఆమె చూసింది. అరచెయ్యి చెంప కింద పెట్టుకుని, పడుకోండి పడుకోండి అన్నట్టు తల ఊపింది, నవ్వింది, తొంగి చూసినందుకు తప్పు చేసినదానిలా చటుక్కున పక్కకు తప్పుకుంది. అద్దం ఖాళీ అయింది.

గ్లాసు. కుడి పక్కన చక్రాల బల్ల మీద స్టీలు గ్లాసు ఉంది, నాలుక తడుపుకోవడానికి ఆమె ఐసు ముక్కలు వేసి పంపింది. చెయ్యి ఎత్తక్కర్లేదు, పాకిస్తే చాలు. ఒక వేలు, దాని వెనక ఇంకో వేలు. చప్పుడవుతుంది. అందరూ ఉలిక్కిపడతారు. నాన్న లేస్తాడు. లేవనీ. జీవితంలో మొదటిసారి ఆయనకు ఎవరో ఒకరు లేవాలని ఉంది, ఇల్లంతా లేవాలని ఉంది. వేలి కొన చల్లగా అంచుకు తగిలింది, నెట్టాడు, గ్లాసు కదిలి ఆగింది, కళ్ళ ముందు గది చివర్లు నల్లబడుతున్నాయి, అమ్మాయిలా, ఎత్తుకునేదాకా ఆపని అమ్మాయిలా, మళ్ళీ నెట్టాడు, ఉన్నదంతా పెట్టి నెట్టాడు.

గ్లాసు పడింది. రాతి నేల మీద ఖణేలుమని పడి, ఎగిరి, మళ్ళీ పడి, దొర్లుతూ, మోగుతూ, ఎక్కడో కుర్చీ కాలికి తగిలి ఆగింది. ఐసు ముక్కలు చెల్లాచెదురయ్యాయి. గది ఆ మూల నుంచి గంటలాయన వెనక్కి తిరగకుండానే, "పర్లేదు సార్, వదిలెయ్యండి, నేనొచ్చి తీస్తాను" అన్నాడు. టీచరమ్మ కదలలేదు. యంత్రం తన పని తను చేసుకుంటోంది. ఆయన కళ్ళు మూతపడ్డాయి, ఇక చెవులే మిగిలాయి, ఆ చెవుల్లో నిశ్శబ్దం, చాలా పెద్దది, మధ్యాహ్నమంత పెద్దది.

తలుపు గోడకు కొట్టుకున్న చప్పుడు. ఆ వెనకే నున్నటి నేల మీద చెప్పుల చప్పుడు, ఆ గదిలో ఎప్పుడూ వినపడనిది, పరుగెత్తుకుంటూ ఇటే వస్తోంది.

"అమ్మా, చెప్పులు! చెప్పులమ్మా!" అని అరిచాడు గంటలాయన.

చప్పుడు ఆగలేదు.